ఇంటిపై అప్పు: హక్కును, బీమాయు



నేను వృత్తిచే ఉపాధ్యాయుడను. గోదావరిఖనిలో గనిపనివారి బిడ్డలకు తెలుగును, కొంత సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. శబ్దమంజరి వల్లెవేయించిన పంతులు తనఖాలను గూర్చియు బీమాను గూర్చియు ప్రసంగింప బూనుట యేమని మీకు తోచవచ్చును. అందులకు కారణమైన యొక చిన్న సంగతితోనే ఆరంభించెదను.

కొన్నియేండ్ల క్రిందట నా పూర్వశిష్యుని తండ్రి యొకనాటి సాయంకాలము మా యింటికి వచ్చెను. ముప్పదియేండ్లు బొగ్గుబావిలో పనిచేసి దిగిపోయినవాడు. సంచిలోనుండి మడతలవెంట చినిగిన తెల్లకాగిత మొకటి తీసి నాచేతికిచ్చి, "పంతులుగారూ, ఈ కాగితం జర సదివి చెప్పుండ్రి. ఇన్నేండ్ల సంది ఉంటున్న ఇల్లు నాది గాదంటున్నరు" అనెను. చదివితిని. నూటయిరువది గజముల స్థలము; అమ్మినవాని వ్రేలిముద్ర; ఇద్దఱు సాక్షుల సంతకములు; తేదీ, సొమ్ము, నాలుగు హద్దులు అన్నియు నున్నవి. స్టాంపు లేదు, రిజిస్ట్రేషను లేదు, అమ్మినవానికి ఆ స్థలము ఎట్లు సంక్రమించినదో యొక్క ముక్కయు లేదు.

కొడుకు కాపురము కొఱకు పైన రెండు గదులు వేయుటకు ఐదులక్షల అప్పు కావలెనని ఆయన బ్యాంకునకు పోయెను. ఇంటిపన్ను రసీదులు చూపెను. కరెంటు బిల్లులు చూపెను. వారు మర్యాదగనే మాటలాడి, హక్కుపత్రము లేనిదే అప్పు పుట్టదని పంపివేసిరి. పిదప ఆయన వడ్డీవ్యాపారి యొద్ద నూటికి నెలకు మూడు రూపాయల చొప్పున తెచ్చుకొనెను. లెక్క మీరే చూడుడు. ఐదులక్షలకు మూడు రూపాయల వడ్డీ యనగా నెలకు 15,000 రూపాయలు. అదే సొమ్మునకు సంవత్సరమునకు నూటికి తొమ్మిది చొప్పున బ్యాంకువడ్డీ యైనచో మొదటినెల వడ్డీ 3,750 రూపాయలు. నడుమనున్న 11,250 రూపాయలు ఒక కాగితము లేకపోవుటకు ఆయన నెలనెల చెల్లించిన వెల.

ఆయన పోయిన తరువాత నాకు నిద్రపట్టలేదు. ఇల్లున్నది, ఇంటివాడున్నాడు, ఇరుగుపొరుగు సాక్ష్యమున్నది. ఐనను ఆ యిల్లు అప్పునకు పనికిరాదు. ఈ నియమము ఎప్పటిది? ఎవరు చేసినది? దొరలు తెచ్చి మన నెత్తిన పెట్టినదా? అని ఆలోచించుచు, బాల్యమున గురువులయొద్ద చదివిన యాజ్ఞవల్క్యస్మృతిని మఱల తెఱచితిని. నాకు దొరకిన సమాధానమును మీముందుంచుటయే ఈ ప్రసంగము.

మన పూర్వులు వ్యవహారములను పదునెనిమిది విధములుగా విభజించి, ఋణాదానమును, అనగా అప్పుల తగవును, మొదటిదిగా లెక్కించిరి. యాజ్ఞవల్క్యుడు వడ్డీని నిర్ణయించిన విధము గమనింపదగినది. తాకట్టుతో గూడిన అప్పునకు నెలకు ఎనుబదియవ వంతు, అనగా నూటికి రూపాయి పావలా. తాకట్టు లేని అప్పునకు ఆనాటి వర్ణభేదమును బట్టి నూటికి రెండు మొదలు ఐదు వఱకు. దుర్గమారణ్యములలో బడి వర్తకమునకు పోవువాడు నూటికి పది. సముద్రముపై పోవువాడు నూటికి ఇరువది. వర్ణభేదముతో మనకిప్పుడు పనిలేదు. తక్కిన క్రమమును చూడుడు. అప్పిచ్చువానికి రెండు భయములు కలవు. ఋణగ్రస్తుడు ఎగవేసినచో నాకు దిక్కేమి యనునది మొదటిది. ఆ దిక్కు కూడ దైవికముగా నశించినచో నేమి యనునది రెండవది. భయము పెరిగిన కొలది వడ్డీ పెరిగినది. మొదటి భయమునకు మందు హక్కుపత్రము. రెండవ భయమునకు మందు తరువాతికాలమున పుట్టిన బీమా. ఈ రెండు మందులును లేనివాడు నేటికిని అడవిబాటసారి వడ్డీయే యిచ్చుచున్నాడు.

తాకట్టును స్మృతులు ఆధి యనుచున్నవి. అది రెండు విధములు. దాచియుంచుటకే యిచ్చినది గోప్యాధి, అనుభవించుటకిచ్చినది భోగ్యాధి. మన పల్లెలలో భోగబంధకమనునది ఈ రెండవదే. పొలమునో యింటినో ఋణదాత అనుభవించును, ఆ ఫలమే వడ్డీ క్రింద చెల్లును. ఋణము రెట్టింపైనను విడిపింపనిచో గోప్యాధి ఋణదాతకు చెందును గాని, భోగ్యాధి యెన్నటికిని పోదని స్మృతికారుని నిర్ణయము.

ఇంక హక్కు విషయము. లిఖితము, భుక్తి, సాక్షులు అని ప్రమాణములు మూడు. అందు అనుభవముకన్న ఆగమము, అనగా హక్కు సంక్రమించిన మూలము, బలవత్తరమనియు, తాతముత్తాతలనుండి వచ్చిన అనుభవము మాత్రము దీనికి మినహాయింపనియు చెప్పబడినది. మా యింటికి వచ్చిన పెద్దమనిషికి భుక్తి కలదు, సాక్షులు కలరు, ఆగమము లేదు. బ్యాంకువారు చెప్పినమాట యాజ్ఞవల్క్యుని మాటయే! మఱియొక నియమము: తాకట్టునందును, దానమునందును, క్రయమునందును ముందు జరిగినదే బలవత్తరము. ఒకే యింటిని ఇద్దఱికి తాకట్టు పెట్టినచో మొదటివానిదే నెగ్గును. కనుకనే రెండవవాడు అప్పిచ్చుటకు ముందు, మొదటివాడొకడు ఉన్నాడేమో యని విచారింపవలసి వచ్చినది. నేటి ఈసీ అంతయు ఈ విచారణయే.

రెండవ భయమును గూర్చియు స్మృతి మౌనముగా లేదు. ఋణదాత చేతిలో తాకట్టు నశించినచో అతడే యిచ్చుకొనవలెను; దైవముచేతగాని రాజుచేతగాని నశించినచో అతనిపై దోషము లేదు. చక్కగా కాపాడుచున్నను తాకట్టు విలువ తగ్గిపోయినచో, ఋణగ్రస్తుడు వేఱొకదానిని తాకట్టు పెట్టవలెను, లేదా అప్పు తీర్పవలెను. ఇల్లు కాలిపోయినను, కూలిపోయినను, ఇంటిపై తెచ్చిన అప్పు మాత్రము కాలదు, కూలదు. ఈ ధర్మము కఠినమే. కాని దీనిని గుర్తెఱుగనిదే బీమా యెందులకో తెలియదు.

ఈ ధర్మములు మనకు దూరపువి కావు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణమునందుండినవాడు. ఆ కల్యాణము నేటి కర్ణాటకమునందలి బసవకల్యాణము. 1956 వఱకు మన హైదరాబాదు రాజ్యములోనిదే. పదుమూడవ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయ మను పేర తెనిగించెను. తెలుగున వ్యవహారధర్మము పద్యములలో నడచిన కాలమది.

ఇక ఆధునికశాసనమునకు వత్తము. బ్రిటిషువారి యేలుబడిలో 1882లో ఆస్తి బదిలీ చట్టము వచ్చెను. నూరు రూపాయలకు తక్కువకాని స్థిరాస్తిని అమ్మవలెనన్న రిజిస్ట్రేషను దస్తావేజు తప్పదని అది విధించినది. నూరు రూపాయలకు తక్కువకాని తనఖాకును అదే నియమము. ఒక్క మినహాయింపు మాత్రము కలదు. హక్కుపత్రములను ఋణదాత చేతికిచ్చి, వీనిపై అప్పు తీసికొంటినని చెప్పినచో చాలును, తనఖా యేర్పడును. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరములలోని వర్తకుల సౌకర్యమునకై మొదట ఈ మినహాయింపు నిచ్చిరి. తరువాత ప్రభుత్వములు ప్రకటించిన ఇతర పట్టణములకును అది వ్యాపించెను. నేడు బ్యాంకులు గృహఋణములకు తఱచుగా వాడునది ఈ పద్ధతియే. కావున హక్కుపత్రము సాక్ష్యము మాత్రమే కాదు. తాకట్టుపెట్టబడు వస్తువే అదియైనది. అది లేనివాడు ఏమి యిచ్చి అప్పు తెచ్చుకొనును?

అదే చట్టమున మఱి రెండు నియమములు చూచి నేనాశ్చర్యపడితిని. తనఖా ఆస్తి నశించియో, చెడియో చాలకపోయినచో, ఋణదాత మఱికొంత హామీ అడుగవచ్చును. ఇయ్యనిచో అప్పు వసూలునకు దావా వేయవచ్చును. ఇది యాజ్ఞవల్క్యుని ధర్మమునకు సరిగా సరిపోవుచున్నది. రెండవది క్రొత్తది. ఒప్పందము వేఱుగా లేనిచో, బీమాకు తగిన ఆస్తిని ఋణదాత అగ్నిప్రమాదమునకు బీమా చేయించి, ఆ ప్రీమియమును అసలునకు కలుపుకొనవచ్చును. ఇంటి తాకట్టును బీమాయు మన శాసనమున జోడుకట్టబడుట ఇట్లు 1882 నాటికే జరిగినది.

బీమా యెక్కడిది? 1666లో లండను నగరము తగులబడి పదుమూడువేలకు పైగా ఇండ్లు బూడిదయ్యెను. ఆ తరువాత పదునైదేండ్లలోపుననే ఇండ్లకు అగ్నిబీమా చేయు సంస్థలు అచట పుట్టెను. పదిమంది కొంచెము కొంచెము వేసికొని, కాలిన యొకని యిల్లు నిలబెట్టుటయే దాని కిటుకు. మన దేశమున 1850లో కలకత్తాలో ట్రైటన్ కంపెనీ ఇట్టి సాధారణబీమా నారంభించెను. 1972 చట్టముచే సాధారణబీమా జాతీయమై నాలుగు ప్రభుత్వకంపెనీల వశమయ్యెను. 1999 చట్టము తరువాత మఱల ప్రైవేటు కంపెనీలును ప్రవేశించెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదులో వేలకొలది ఇండ్లను తుడిచిపెట్టిన నాడు, సామాన్యుని యింటికి బీమా యనుమాటయే లేదు.

హైదరాబాదు సంస్థానమునకు వేఱు శాసనములుండెను. మొదటి సాలార్‌జంగు మంత్రిత్వమున, 1853 మొదలు 1883 వఱకు, రెవెన్యూ పరిపాలన చక్కబడి భూమి కొలతలు మొదలయ్యెను. ఐనను దివానీభూములు, జాగీర్లు, నిజాము సొంతమగు సర్ఫెఖాస్, ఇనాములు అని భూమి పలుతెఱగుల చీలియుండెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1954-55లో ఖస్రా పహాణీ వ్రాయబడెను. తెలంగాణమున నేటికిని భూమితగవు వచ్చినపుడు, "ఖస్రాల ఎవని పేరున్నది?" అనియే పెద్దలు మొదట అడుగుదురు. పహాణీ, సేత్వారు, పట్టా అను మాటలు మనకు ఉర్దూ కచేరీల నుండి వచ్చినవే.

ఈ నేలపై బొగ్గు బయటపడుటతో మఱియొక చిక్కు వచ్చిచేరినది. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు డాక్టరు విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కు పొందెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడెను. 1945లో నిజాము ప్రభుత్వము దాని వాటాలలో అధికభాగమును కొనెను. నేడందు తెలంగాణ రాష్ట్రమునకు నూటికి 51, కేంద్రమునకు 49 వంతుల వాటాలు కలవు. 1960 ప్రాంతమున రామగుండములో బావులు తెఱవగా, అడవియంచున గోదావరిఖని యను పట్టణమే లేచినది.

కాని పట్టణము లేచిన విధమేమి? పల్లెలనుండి వచ్చినవారిలో కొందఱికి కంపెనీ క్వార్టర్లు దొరకెను. అవి కంపెనీవి, దిగిపోయిననాడు తాళము అప్పగించవలసినదే. తక్కినవారు బావికి దగ్గఱగా ఖాళీస్థలము చూచి గుడిసె వేసిరి, గుడిసె పెంకుటిల్లయ్యెను, పెంకుటిల్లు డాబా అయ్యెను. ఆ నేల కొన్నిచోట్ల కంపెనీది, కొన్నిచోట్ల ప్రభుత్వముది, కొన్నిచోట్ల ఎవనిదో పట్టాది. చేతులు మాఱినపుడు తెల్లకాగితమే దస్తావేజు. దీనినే మనవారు సాదాబైనామా యందురు. 2016లోను 2020లోను సాదాబైనామాల క్రమబద్ధీకరణకు ప్రభుత్వము దరఖాస్తులు తీసికొన్నను, అవి సాగుభూములకుద్దేశించినవి. ప్రభుత్వభూములలోని ఇండ్లకు 2014 డిసెంబరులో 58, 59 సంఖ్యల ఉత్తరువులు వచ్చెను. అందు మొదటిది 125 గజముల లోపు పేదవారికి ఉచితముగను, రెండవది వెల గట్టియు హక్కునిచ్చునది. సింగరేణి వదలిన భూములలోని ఇండ్లకు తరువాత 76 సంఖ్యగల ఉత్తరువు వచ్చెను. ఇల్లందు, కొత్తగూడెము వైపు షెడ్యూలు ప్రాంతములలో మఱియొక కట్టుబాటు కలదు: 1970 నాటి భూబదలాయింపు నిబంధన ప్రకారము అచటి భూమి గిరిజనులు కానివారికి బదిలీ కాదు. అది ఆదివాసుల రక్షణకు చేసిన ధర్మము. దానిని దాటి తెల్లకాగితముపై కొన్నవానికి ఏ బ్యాంకును అప్పియ్యదు.

పైనేల సంగతి యిది. క్రిందినేల సంగతి వేఱు. ఇంటిపట్టా యున్నవానికి ఇంటిక్రింది బొగ్గుపై హక్కు లేదు. బొగ్గు తవ్వినచోట నేల క్రుంగుట గనిపట్టణములలో ఎఱుగని మాట కాదు. స్తంభములు విడిచి తవ్వుట, ఖాళీ యైన చోట ఇసుక నింపుట మొదలగు జాగ్రత్తలు దీని కొఱకే. 1957 నాటి బొగ్గుగనుల నియమములు, గనియజమానివి కాని కట్టడములకు 45 మీటర్ల లోపున ముందు అనుమతి లేనిదే పని సాగింపరాదని విధించెను. 2017లో ఆ నియమముల స్థానమున క్రొత్తవి వచ్చెను. గోడకు బీట వచ్చినపుడు అది పునాదిలోపమా, బ్లాస్టింగు అదురా, నేల క్రుంగుటయా యని తేల్చుట సులభము కాదు. కావున ఈ ప్రాంతమున ఇల్లు కొనువాడు ఇంటి చరిత్రతోబాటు ఇంటిక్రింది చరిత్రను గూడ విచారింపవలెను.

ఇప్పుడు బ్యాంకు అడుగు కాగితములను ఈ చరిత్ర వెలుగున చూతము. అమ్మకపుదస్తావేజు, దానికి ముందటి లింకు దస్తావేజులు, అనగా అమ్మినవానికెట్లు వచ్చినది, వానికి అమ్మినవానికెట్లు వచ్చినది అను గొలుసు, గత ముప్పదియేండ్లకో తక్కువకో ఈసీ, కట్టడమునకు మునిసిపాలిటీ అనుమతి, పన్ను రసీదు, న్యాయవాది అభిప్రాయము, విలువకట్టువాని నివేదిక. ముప్పదియేండ్లే యేల? తనఖా విడిపించుకొనుటకు 1908 నాటి కాలపరిమితి చట్టమున అరువదియేండ్ల గడువుండెను. 1963 చట్టము దానిని ముప్పదియేండ్లకు తగ్గించెను. అంతకాలము పాతతనఖా లేచి రావచ్చునను భయమున్నందున అంత వెనుకకు చూతురు. ఒకే పత్రముతో పలుచోట్ల అప్పుచేయు మోసమును ఆపుటకు 2011లో తనఖాల నమోదునకు కేంద్రపట్టిక యొకటి ఆరంభమైనది. ఇంటి విలువనంతయు అప్పుగా ఇయ్యరు. ముప్పదిలక్షల లోపు ఋణమైనచో విలువలో నూటికి తొంబది వఱకే. పెద్ద ఋణములకు అంతకన్న తక్కువ. మన గనిపనివారికొక సౌకర్యము కలదు. పదిలక్షల వఱకు గృహఋణముపై వడ్డీని కంపెనీ తిరిగి చెల్లించు పద్ధతి వచ్చినది. కాని మొదట బ్యాంకు అప్పియ్యవలెను గదా! పత్రములేనివాడు ఆ సౌకర్యపు గడపయు తొక్కలేడు.

రిజిస్ట్రేషనైనచో అంతయు సరియని కొందఱు తలంతురు. ఇదియొక భ్రమ. మన దేశమున రిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేయును గాని, అమ్మినవానికి నిజముగా హక్కున్నదని పూచీపడడు. ఇతరదేశములు దీనికి రెండు త్రోవలు కనిపెట్టినవి. దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో రాబర్టు టారెన్సు ప్రయత్నముచే ప్రభుత్వమే హక్కునకు పూచీపడు పద్ధతి వచ్చెను. అమెరికాలో 1868లో ఫిలడెల్ఫియావాడొకడు హక్కులోపమున్న ఆస్తిని కొని నష్టపోయి, పరిశీలించినవానిపై దావావేసి ఓడిపోయెను. ఆ తీర్పు కలిగించిన భయమునుండి 1876లో ఆ నగరముననే హక్కునకే బీమాచేయు కంపెనీ పుట్టెను. నేడచట ఇంటి అప్పునకు అట్టి బీమాను ఋణదాతలు సామాన్యముగా కోరుదురు. మన దేశమున 2016 స్థిరాస్తి చట్టము కట్టడదారులు హక్కుబీమా చేయింపవలసిన విషయమును పేర్కొన్నను, సామాన్యుని యింటికది యింకను అలవాటు కాలేదు. కావున మనకు ప్రభుత్వపు పూచీయు లేదు, హక్కుబీమాయు లేదు. గొలుసుపత్రములను జాగ్రత్తగా చదివించుకొనుటయే దిక్కు.

ఇక ఇంటిబీమా. దీనియందు మాయిరుగుపొరుగున జరిగిన యొక పొరపాటు చెప్పెదను. ఒకాయన గృహఋణము తీసికొన్నపుడు బీమా పేరిట కొంత సొమ్ము పట్టుకొనిరి. ఒక వానకాలము వంటింటిగోడ కూలెను. బీమా యున్నదిగదా యని ధైర్యముతో కాగితము తెచ్చి నాకు చూపెను. చూడగా అది జీవితబీమా. ఆయన మరణించినచో అప్పు తీర్చునది. గోడకు దానికి సంబంధమే లేదు. పెద్దలారా, ఈ భేదము మఱవకుడు. మనిషి పోయినచో అప్పు తీర్చు బీమా వేఱు. ఇల్లు పోయినచో ఇల్లు కట్టించు బీమా వేఱు. మొదటిది కుటుంబమునకు మేలే. కాని ఫలానా కంపెనీ పాలసీయే కొనవలెనని బలవంతపెట్టు హక్కు ఋణదాతకు లేదు. రెండవదానిని ఋణపత్రముననే షరతుగా వ్రాయుదురు. దానియందు బ్యాంకు పేరును చేర్తురు. నష్టపుసొమ్ము ముందు అప్పు మేరకు బ్యాంకునకు, మిగిలినది మనకు.

2021 ఏప్రిలు 1 నుండి ఇండ్లకు భారత్ గృహరక్ష యను ఏకరూపమైన పాలసీ దేశమంతట వచ్చినది. అగ్ని, పిడుగు, గాలివాన, వరద, భూకంపము మొదలగునవి అందులో చేరును. 1986లోను 2022లోను గోదావరి పొంగిన తీరు చూచినవారికి వరద యనుమాట విలువ చెప్పనక్కఱలేదు. బీమా సొమ్మును కట్టడము మఱల కట్టుటకగు వ్యయముపై లెక్కింపవలెను గాని, నేల వెలతో కలిపి కాదు. నేల కాలదు గదా! ఐతే మన ప్రాంతమువారు ముఖ్యముగా చదువవలసినది మినహాయింపుల పుట. నేల క్రుంగుట బీమాలో చేరినను, క్రొత్తకట్టడము సహజముగా దిగబడుట, పోతమట్టి కదలుట, కట్టడపులోపము, త్రవ్వకములు మొదలగువానివలన కలిగినది చేరదని సామాన్యముగా పాలసీలలో వ్రాయుదురు. త్రవ్వకముల నడుమ నివసించువారమగుట, పాలసీ కొనుటకు ముందే ఆ పుట చదివించుకొని, గనివలన కలుగు నష్టమునకు ఈ పాలసీ చెల్లునా చెల్లదా యని వ్రాతమూలకముగా అడుగుట మంచిది.

మా యింటికి వచ్చిన పెద్దమనిషి సంగతి ముగింపక విడువరాదు. ఆ స్థలము విచారింపగా ప్రభుత్వముదని తేలెను. దరఖాస్తు వ్రాసియిచ్చితిని, చాలకాలము తిరిగిన పిదప పట్టా వచ్చెను. కాని నెలకు 15,000 చొప్పున, ముప్పదినాల్గవ నెలలోనే కట్టిన వడ్డీ అసలును దాటిపోయియుండెను. పట్టా చేతబట్టుకొని ఆయన, "ఈ కాగితం ముందే ఉంటే నా ఫండు పైసలు మిగిలేటివి పంతులుగారూ" అనెను. ముప్పదియేండ్లు చీకటిలో పనిచేసి కూడబెట్టిన సొమ్ము మాట యది.

స్మృతికారుడు ఋణపత్రమును గూర్చి మఱి రెండు మాటలు చెప్పెను. చెల్లించినప్పుడెల్ల పత్రము వెనుక జమ వ్రాయించుకొనవలెను. అప్పు తీరిన వెంటనే పత్రమును చింపివేయవలెను. రిజర్వుబ్యాంకు 2023 సెప్టెంబరున చేసిన నియమము దీనికి తోబుట్టువు వంటిది. అప్పు పూర్తిగా తీరిన ముప్పదిదినముల లోపున బ్యాంకు అసలు హక్కుపత్రములను తిరిగి యియ్యవలెను. తనవలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల చొప్పున పరిహారమియ్యవలెను. ఆ నియమము 2023 డిసెంబరు 1 నుండి అమలైనది. అప్పు తీర్చి పత్రములు తెచ్చుకొనక మఱచినవారు మనలో నున్నచో రేపే పోవుడు.

కావున నేను విన్నవించునది యింతే. హక్కుపత్రమును బీమాయు బ్యాంకువారి సౌకర్యమునకే యని విసుగుకొనకుడు. అవి అప్పిచ్చువాని భయమును తగ్గించును. ఆ భయము తగ్గినపుడు తగ్గునది మన వడ్డీ. మీ యింటి సందుకలో నున్న కాగితములను ఈ వారమే తీసి, చదువుకొన్న మనుమనిచేతనో మనుమరాలిచేతనో వరుసగా చదివించుడు. గొలుసులో ఏ కొక్కి లేదో, అది తెలిసినవారు బ్రతికియున్నప్పుడే అతికించుకొనుడు. సాక్షులు పోవుదురు, పత్రము నిలుచును.